పసిపిల్లలు వాచనాలయంలో ఏం నేర్చుకుంటారు?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో సోలాపూర్‌కు చెందిన ఒక విశ్రాంత ప్రాథమిక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. మా బాపు సాంచాల కారఖానాలో పనిచేశాడు, మా అమ్మ బీడీలు చుట్టింది. నేను ముప్పై ఏళ్ళకు పైగా చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించాను. రిటైరయ్యాక ఆరేళ్ళ నుంచి ప్రతి ఆదివారం మా పేటలోని సంఘం హాలు పక్క గదిలో, పాత వాచనాలయంలో, పిల్లలతో కూర్చుంటున్నాను. నేను చెప్పబోయేదంతా ఆ గదిలో చూసిందే.

ఆ గది గురించి ఈ మధ్య ఒక చర్చ నడుస్తోంది. మీలో కొందరికి తెలుసు. హాలుకు పెళ్ళిళ్ళు పెరిగాయి, వంటపాత్రలు, కుర్చీలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు, ఆ పుస్తకాలు ఎవరు చదువుతున్నారు, గదిని సామాన్ల గది చేద్దాం అని ఒక మాట వచ్చింది. ఆ మాట అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదండీ. హాలు అద్దె డబ్బులతోనే మన పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాం. కాబట్టి వాళ్ళు అడిగింది న్యాయమైన ప్రశ్నే. "అక్షరం ముక్క రాని మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు వచ్చి అక్కడ ఏం నేర్చుకుంటారు బాయీ?" అని నన్నే అడిగారు. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు చెప్తాను.

మొదట చప్పుడు సంగతి. మన ఇళ్ళలో పిల్లలు పుట్టినప్పటి నుంచి వినేది సాంచాల చప్పుడు. ఇంట్లోనే కారఖానా ఉంటే చెప్పనే అక్కర్లేదు. లేకపోతే పక్కింట్లో ఉంటుంది. ఆ చప్పుడులో పొడుగు మాటలు మాట్లాడలేం. చెయ్యి ఊపి పిలుస్తాం, లేదంటే కేక వేస్తాం. "రా", "పో", "తిను", "కండె తే" అంతే. తండ్రి షిఫ్టు దిగి వచ్చేసరికి పిల్లవాడు నిద్రపోతాడు. తల్లి చేటలో ఆకు పెట్టుకుని కూర్చుంటే కళ్ళు ఆకు మీదే ఉండాలి, లెక్క తప్పకూడదు. ఇది ఎవరి తప్పూ కాదు, మన బతుకు అట్లా ఉంది. కానీ పిల్లలకు మాటలు వినడం వల్లనే మాటలు వస్తాయి. ఐదేళ్ళకు బడిలో చేరినప్పుడు మన పిల్లలు గట్టిగా మాట్లాడతారు, తక్కువ మాటలతో మాట్లాడతారు. మాస్టర్లు దాన్ని చూసి "వీడికి బుర్ర లేదు" అనుకుంటారు. బుర్ర ఉంది, విన్న మాటలే తక్కువ.

మా గదికి కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి రెండు మూడు వారాలు అరిచినట్టే మాట్లాడతారు. నేను 'నిశ్శబ్దం' అని బోర్డు పెట్టలేదు. చాప మీద కూర్చుని నేనే మెల్లగా చదువుతాను. వినబడాలంటే వాళ్ళే దగ్గరికి జరుగుతారు. కొన్ని వారాలకు వాళ్ళ గొంతూ దిగుతుంది. ఒక పెద్దమనిషి తనతో పావుగంట సేపు కూర్చుని, తొందర లేకుండా, ముందూ వెనకా కలిసిన మాటలు చెప్పడం కొంతమంది పిల్లలకు అదే మొదటిసారి.

రెండోది, పుస్తకం అనే వస్తువు. మనకు ఇది ఒక విద్య అని కూడా తోచదు. మూడేళ్ళ పిల్ల ఒకతె మొదటి రోజు పుస్తకం తలకిందులుగా పట్టుకుంది. బొమ్మ మీద రెండు వేళ్ళు పెట్టి, ఫోనులో పెద్దది చేసినట్టు లాగింది. బొమ్మ పెద్దది కాకపోయేసరికి నా వైపు చూసింది. ఆ పిల్లకు అట్ట ఏదో, లోపల ఏదో, పేజీ ఎటు తిప్పాలో, చూపు ఎడమ నుంచి కుడికి ఎట్లా నడవాలో తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఎవరూ పాఠం చెప్పలేదు. పక్కన ఉన్న పిల్లల్ని చూసి నేర్చుకుంది.

ఆ తర్వాత అసలు సంగతి జరుగుతుంది. పిల్లలు ఒకే పుస్తకాన్ని పదిసార్లు చదవమంటారు. పెద్దవాళ్ళకు విసుగు. ఒకసారి నేను కూడా విసుగుతో ఒక వాక్యం ఎగరగొట్టాను. నాలుగేళ్ళ పిల్లవాడు వెంటనే పట్టుకున్నాడు. "బాయీ, నక్కను మర్చిపోయినవ్" అన్నాడు. వాడికి ఒక్క అక్షరం రాదు. కానీ ఆ నల్లటి గీతల్లో మాటలు ఉన్నాయని, చదివినప్పుడల్లా అవే మాటలు రావాలని, చదివేవాళ్ళ ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని వాడికి తెలిసిపోయింది. ఇది తెలిసిన పిల్లవాడికి అక్షరాలు దిద్దించడం నాకు ఎంత సులువో, తెలియని పిల్లవాడికి అంత కష్టం. నేతపని చేసేవాళ్ళకు నేను వేరే చెప్పాలా? పడుగు సిద్ధం కాకుండా నాడె తీసుకుని కూర్చుంటే ఏం లాభం? బడి పేక వేస్తుంది. పడుగు ముందే పడాలి.

మూడోది, ఎంచుకోవడం. మన పిల్లలకు బట్టలు అన్నవో అక్కవో వస్తాయి, తిండి వండింది తినాలి, బడి దగ్గరగా ఉన్నదే. ఏదైనా తానుగా ఎంచుకునే అవకాశం ఎక్కడుంది? మా గదిలో పుస్తకాలు పిల్లల మోకాలి ఎత్తులో, అట్టలు కనపడేట్టు పరిచి ఉంటాయి. ఒక పిల్లవాడు వరుసగా నాలుగు నెలలు ఒకే పుస్తకం తీశాడు, అందులో బస్సు బొమ్మ ఉందని. నేను ఏమీ అనలేదు. ఐదో నెలలో రైలు పుస్తకం తీశాడు. తనకు ఏది ఇష్టమో తెలుసుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విషయమే.

నాలుగోది, తీసుకుపోవడం, తిరిగి తేవడం. పుస్తకం ఇంటికి ఇస్తానని మొదటిసారి చెప్పినప్పుడు ఒక పిల్ల నమ్మలేదు. "పైసలు?" అంది. పైసలు లేవన్నాను. "మళ్ళ తేవాల్నా?" అంది. వచ్చే ఆదివారం తేవాలన్నాను. ఆ వారమంతా ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద, తమ్ముడికి అందకుండా పెట్టిందని వాళ్ళ అమ్మ చెప్పింది. ఇది నాది కాదు, అయినా నా చేతిలో ఉంది, నా తర్వాత ఇంకొకరు దీని కోసం ఎదురుచూస్తున్నారు అనే ఆలోచన అప్పుడు వచ్చింది. రిజిస్టరులో తన పేరు దగ్గర ఒక చుక్క పెడుతుంది. అక్షరాలు వచ్చాక ఆ చుక్క పేరయింది. పుస్తకాలు చినగలేదా అంటే చినిగాయి. పోలేదా అంటే కొన్ని పోయాయి. ఎవరినీ కొట్టలేదు, జరిమానా వేయలేదు. చినిగిన పేజీని పిల్లలతో కలిసే అతికిస్తాం. తెగిన పోగు ముడి వేయడం మనకు కొత్తా?

ఐదోది, అడగడం. ముఖ్యంగా ఆడపిల్లలు. ఇంటి గడప దాటి, తెలియని పెద్ద మనిషి ముందుకు వచ్చి "నాకు ఇది కావాలి" అనడం మన ఆడపిల్లలకు ఎంత కష్టమో మీకు తెలుసు. వాచనాలయంలో అది రోజూ చేయాలి. ఫలానా పుస్తకం ఎక్కడుంది, ఇది నాకు ఇస్తారా, దీని పేరేంటి అని అడగాలి. పదేళ్ళ వయసులో ఇట్లా అడగడం అలవాటైన పిల్ల, ఇరవై ఏళ్ళకు బ్యాంకులో, ఆస్పత్రిలో, తాలూకా ఆఫీసులో అడగగలుగుతుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక వాచనాలయానికి వెళ్ళాను. పుస్తకాలన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి, తాళం వేసి. తాళంచెవి ఒకరి దగ్గర ఉంది, ఆయన ఊళ్ళో లేరు. అక్కడ పేపరు చదువుతున్న పెద్దాయన "పిల్లలకు ఇక్కడేం పని, పో" అన్నారు. అద్దానికి ముక్కు ఆనించి అట్టల మీది బొమ్మలు చూసి వచ్చేశాను. మళ్ళీ పదేళ్ళ వరకు వెళ్ళలేదు. మన భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్ గారు, తమిళనాడు వారు. ఆయన 1931లో ఐదు సూత్రాలు రాశారు. అందులో మొట్టమొదటిది పుస్తకాలు వాడటానికే అని. అంత చిన్న సంగతిని సూత్రంగా ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆ అద్దం ముందు నిలబడ్డ పిల్లలకు తెలుస్తుంది.

ఇక భాష సంగతి. ఈ సభలో ఐదు ప్రాంతాల వాళ్ళం ఉన్నాం. యానాం వాళ్ళను పక్కన పెడితే, మిగిలిన వాళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీయో కన్నడమో తమిళమో ఒడియానో చదువుతారు, ఇప్పుడు ఇంగ్లీషు కూడా. మాట్లాడే తెలుగు ఉంది, చదివే తెలుగు పోతోంది. నా మనవరాలే పెళ్ళి శుభలేఖలో తెలుగు వైపు చదవలేక మరాఠీ వైపు తిప్పింది.

దీనికి భయపడాల్సిన పని లేదంటాను. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ అనే వరుస మరాఠీలోనూ తెలుగులోనూ ఒకటే. ఒకటి వచ్చిన పిల్లకు రెండోదానిలో వరుస నేర్పక్కర్లేదు, ఆకారాలు నేర్పితే చాలు. ఎ, ఒ అనే పొట్టి అచ్చులు మాత్రం కొత్తగా చెప్పాలి. ఒడియా చదివే పిల్లలకూ ఇదే దారి. కన్నడం చదివే పిల్లలకు ఇంకా సులువు, రెండు లిపులూ అక్కచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి. తమిళం వాళ్ళకు కొంచెం కష్టం, అక్కడ క, గ రెంటికీ ఒకటే అక్షరం, ఒత్తక్షరాలు లేవు. అయితే పొట్టి ఎ, ఒ వాళ్ళకు ముందే వచ్చు.

ఇది బడిలో జరగదు, బడికి తీరిక లేదు. వాచనాలయంలో జరుగుతుంది. ఒకే కథ రెండు భాషల్లో పక్కపక్కన పెట్టండి. మన చిన్నతనంలో చందమామ ఉండేది. 1947 జులైలో తెలుగులో, తమిళంలో మొదలైంది. తర్వాత మరాఠీలో చాందోబాగా వచ్చింది. మా వీధిలో ఒకరింట్లో చందమామ, ఒకరింట్లో చాందోబా. రెండూ తిప్పితిప్పి చూసేవాళ్ళం. ఇప్పుడు ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015 నుంచి స్టోరీవీవర్ అని నడుపుతున్నారు. కథలు నేసేవాడు అని ఆ పేరుకు అర్థం, మన పేరే పెట్టుకున్నారు! అందులో తెలుగు, మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా కథలు బొమ్మలతో ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకోవచ్చు కూడా. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు, సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళ పుస్తకాలు ఉన్నాయి. బొమ్మల పుస్తకాలు చాలావరకు వంద రూపాయల లోపే.

ఇదంతా ఇంటికి ఎట్లా వస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. మా గదికి వచ్చే ఒక పిల్ల రెండో తరగతికి వచ్చింది. కనపడ్డ ప్రతిదాన్నీ చదివే అలవాటు, బస్సు బోర్డు, సబ్బు కవరు, ఏదైనా. వాళ్ళ నాయనమ్మ బీడీలు చుడుతుంది, చదువు రాదు. రోజూ ఇచ్చిన బీడీల లెక్క చిన్న పుస్తకంలో రాసిస్తారు. ఒక రోజు ఆ పిల్ల అది చూసి "నాయనమ్మా, వెయ్యి ఇచ్చిన అన్నవు, గిక్కడ తొమ్మిది వందలే ఉంది" అంది. నాయనమ్మ మర్నాడు పోయి అడిగింది. నాసిరకం తీసేశామన్నారు. ఎన్ని తీసేశారో చూపించమంది, చూపించలేదు. ఆ వంద తిరిగి రాలేదు. కానీ ఆ రోజు నుంచి మనవరాలు పక్కన ఉండగానే రాయించుకుంటోంది. ఆమె తర్వాతి ఆదివారం వచ్చి మా గది గుమ్మం దగ్గర కూర్చుంది. లోపలికి రమ్మంటే "నాకు రాదు కదా బాయీ" అంది. బొమ్మల పుస్తకం చేతికిచ్చాను. బొమ్మను చూసి తనకు తెలిసిన కథ చెప్పింది, ఆ పుస్తకంలో లేని కథ. పిల్లలు నన్ను వదిలేసి ఆమె చుట్టూ చేరారు.

అందుకే తల్లులకు చెప్తున్నాను, మాకు చదువు రాదు, మేమేం చేస్తాం అనకండి. బొమ్మ చూపించి "ఇదేంటి, వీడు ఎటు పోతున్నాడు, తర్వాత ఏమవుతుంది" అని అడగండి. మన భాషలో, మన యాసలో అడగండి. చదివిన తల్లిదండ్రులకు ఇంకోటి చెప్తాను. కథ అయిపోగానే "నీతి ఏంటి చెప్పు" అని పరీక్ష పెట్టకండి. నవ్వితే చాలు. చదవనంటే మానేయనివ్వండి. వాచనాలయానికి పోతే మార్కులు పెరుగుతాయని నేను మాట ఇవ్వను. పోయినవాళ్ళందరూ చదువరులు కారు. నా దగ్గరికి వచ్చి మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ తలుపు తెరిచి ఉంటే మళ్ళీ రావచ్చు.

వాచనాలయం అంటే మనకు కొత్త కాదు. మా పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి సోలాపూర్ వచ్చారు. ఆ నిజాం రాజ్యంలో చదువు, కచేరీ పనులు ఉర్దూలో నడిచేవి, తెలుగుకు చోటు లేదు. అప్పుడు తెలుగును నిలబెట్టినవి గ్రంథాలయాలే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టారు. అటు కోస్తాలో మగ్గాల ఊళ్ళైన చీరాల, వేటపాలెం తీసుకోండి. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. గాంధీజీ 1929లో అక్కడికి వచ్చారు. కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. వాళ్ళ దగ్గర మనకంటే డబ్బు ఎక్కువేమీ లేదు. ఈ రోజు పరాయి రాష్ట్రాల్లో తెలుగుకు బడిలో చోటు తగ్గుతున్నప్పుడు మనమూ ఆనాటి వాళ్ళ స్థితిలోనే ఉన్నాం.

ప్రభుత్వం నుంచి వచ్చేది కూడా వదులుకోవద్దు. కర్ణాటకలో, తమిళనాడులో మీరు కట్టే ఇంటి పన్నులోనే గ్రంథాలయ సుంకం ఉంటుంది. మీరు ఇప్పటికే డబ్బు కట్టారు, కాబట్టి పిల్లల్ని తీసుకుని ప్రభుత్వ గ్రంథాలయానికి హక్కుతో వెళ్ళండి, తెలుగు పుస్తకాలు తెప్పించమని రాసివ్వండి. మహారాష్ట్రలో 1967 చట్టం కింద నమోదైన వాచనాలయాలకు వర్గాన్ని బట్టి గ్రాంటు వస్తుంది. మన సంఘాలవి ఎన్ని నమోదయ్యాయో, ఎన్ని పేరుకే మిగిలాయో సమాఖ్య ఒక జాబితా తీయాలి.

ఇక నా విన్నపం. ప్రతి ఊళ్ళో సంఘం హాలుకు ఒక చిన్న గది, అది కుదరకపోతే ఒక మూల. ఒక చాప. పిల్లలకు అందే ఎత్తులో రెండు అరలు. తాళం వద్దు. నూరు పుస్తకాలు, సగం తెలుగు, సగం ఆ రాష్ట్ర భాష. ఒక రిజిస్టరు. వారానికి ఒక రోజు, రెండు గంటలు, తప్పకుండా. తప్పకుండా అనే మాట ముఖ్యం, ఎందుకంటే తలుపు మూసి ఉన్న రోజు వచ్చిన పిల్లవాడు మళ్ళీ రాడు. చూసుకోవడానికి కాలేజీకి వెళ్ళే మన ఆడపిల్ల ఒకరిని పెట్టి, నెలకు ఎంతో కొంత ఇవ్వండి. ఊరికే చేయమంటే పరీక్షల నెలలో గది మూతపడుతుంది.

మా గది విషయానికొస్తే, పెళ్ళి సామాన్లకు చోటు కావాలన్న మాట నిజమే. నేను కార్యవర్గానికి ఒక సలహా రాసిచ్చాను. మేడ మీద రేకుల షెడ్డు వేస్తే పాత్రలు, కుర్చీలు పడతాయి. దానికి నా పింఛనులోంచి నేను మొదటి చందా ఇస్తాను. గది మాత్రం పిల్లలకు వదలండి. వచ్చే ఆదివారం పది గంటలకు తెరిచే ఉంటుంది. కార్యవర్గం పెద్దలు ఒక గంట వచ్చి చాప మీద కూర్చోండి, చూడండి, ఆ తర్వాత మీరే నిర్ణయించండి. పెద్దవాళ్ళకు కుర్చీ అక్కడ లేదు, ముందే చెప్తున్నాను.